నల్లా ముందు రాళ్ళ వరుస

తొంభైల మొదట్లో సూర్యాపేటలో మేము కిరాయికున్న వీధిలో మనుషులకన్నా రాళ్ళకు మర్యాద ఎక్కువ. వీధి మొత్తానికి ఒకటే నల్లా. నీళ్ళొచ్చేది పొద్దున ఒక గంట, అదీ మున్సిపాలిటీవాళ్ళకు దయ కలిగితే. నల్లా దగ్గర బిందెలు పెడితే మాయమవుతాయని, ముందురోజు సాయంత్రమే ఇంటికో రాయి వరుసలో పెట్టేవాళ్ళం. మాది నాపరాయి ముక్క. కొత్త కోడలిగా వచ్చిన నాకు చుట్టాల మొహాలకన్నా ముందు గుర్తుండిపోయింది అదే.

ఎదురింట్లోకి కోదాడ వైపు నుంచి ఒక టీచరమ్మ దిగింది. భర్త మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా, వారానికోసారి వస్తాడు. ఏడాది పిల్లాడు. దిగిన మర్నాడే తెల్లవారకముందు రెండు బిందెలతో వచ్చి, అందరికన్నా ముందు నిలబడింది.

నల్లా గుర్రుమనగానే చివరింటి ముసలమ్మ అడ్డం వచ్చింది. "నీ రాయేది?"

"నేనే నిలబడ్డాను కదండీ. పిల్లాడికి విరేచనాలండీ, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు."

"నువ్వు నిలబడితే ఏమైతది బిడ్డా? రాయి పెట్టినోళ్ళదే వంతు."

ఎంత న్యాయం! జడ్జీలు మా వీధికొచ్చి నేర్చుకోవాలి. అందరం తలలూపాం. చివరి రాయి మాది. నేను తీరిగ్గా చాయ్ తాగి వచ్చి, ఆమె కళ్ళెదుటే రెండు బిందెలు నింపుకున్నాను. రెండోది నిండగానే నల్లా ఆగిపోయింది. ఒకటి తీసుకోమన్న మాట నోటిదాకా వచ్చింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మింగేశాను.

ఆమె ఖాళీ బిందెలతో వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వరుసలో అన్నిటికన్నా ముందు ఒక కొత్త రాయి కనబడింది.

మర్నాడు పొద్దున రాయి ఉంది, ఆమె లేదు. పిల్లాడి కళ్ళు లోతుకు పోతే దవాఖానకు ఎత్తుకుపోయిందట. నీళ్ళు రాగానే ముసలమ్మే కేకేసింది: "టీచరమ్మ రాయున్నది, ఎవ్వలు దాటకుండ్రి!" ఎవరూ దాటలేదు. మా బిందెతోనే నీళ్ళు పట్టి, తాళం వేసిన ఆమె తలుపు ముందు పెట్టాం. మూడు రోజులూ అంతే. మాకంత నీతి మరి.

నాలుగో రోజు సాయంత్రం పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగొచ్చింది. వాడు పీక్కుపోయాడు గానీ బతికాడు. గుమ్మంలో నిండు బిందె చూసి, గబగబా మా ఇంటికొచ్చి నా చేయి పట్టుకుంది.

"ఎంత మంచివాళ్ళండీ మీరంతా! నేను లేకపోయినా నా వంతు నిలిపారు."

సిగ్గుతో చచ్చిపోయాను. చేయి విడిపించుకుని వంటింట్లోకి పోయి ఏడ్చాను. ముందుగదిలోంచి అత్తగారు అడిగారు: "రాయి పెట్టొచ్చినవా?"