ఆరో నెల ఫోను

ఇది నేను ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. గుండె ఆపరేషన్ల మీద డాక్టరైన మా పిన్ని అచ్చు వేయించిన పరిశోధన పేపరులో ఒక రోగి తాలూకు జవాబులు ఆయన ఇంటివాళ్ళు చెప్పినవి కావు. నేను అడక్కుండానే టిక్కులు పెట్టినవి.

పోయిన వారం అమ్మకు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. గుండెలో వాల్వు మార్చి నెలైంది. కాగితం చూసి చదువుతున్నట్టు ఎవరో అమ్మాయి, "ఎలా ఉన్నారు మేడమ్?" అంది. వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికే గోడ పట్టుకున్న మా అమ్మ, "బాగున్నానమ్మా, నువ్వు బాగున్నావా?" అంది. ఫోన్ లాక్కుని ఆయాసం సంగతి నేనే చెప్పాను. నాకింత నోరు ఎప్పుడొచ్చిందా అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఇలా ఫోన్ చేసి కనుక్కునే పద్ధతి ఆ ఆస్పత్రికి పిన్ని పేపరు చూశాకే వచ్చిందని అమ్మకు తెలియదు.

డిగ్రీ అయ్యాక ఏడాది పాటు మద్దిలపాలెంలో పిన్ని ఫ్లాట్‌లో ఉన్నాను. గుండెను చేత్తో పట్టుకుని కుట్టే మనిషి, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. ఇల్లంతా మాడు వాసన, కూర్చుందామంటే సోఫా నిండా ప్రింటవుట్లు. సబ్బవరం అవతలి పల్లెల నుంచి రెండు బస్సులు మారి నెలనెలా చెకప్‌కి వచ్చేవాళ్ళను చూసి ఆమెకొక ఆలోచన వచ్చింది. ఫోన్లో సరైన ప్రశ్నలు అడిగితే, అవసరమైనవాళ్ళనే పిలిపించుకోవచ్చు కదా అని. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, పాదాలు వాస్తున్నాయా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా, మాత్రలు మానేశారా. అడిగే పని నాకిచ్చింది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు చెమటలు. ఏమనాలో ముందు డైరీలో రాసుకుని, రెండుసార్లు చదువుకుని అప్పుడు నంబరు నొక్కేదాన్ని. "ఫోను కరవదే," అని నవ్వేది పిన్ని.

దువ్వాడలో ఉండే ఒకాయన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఆపరేషనయ్యాక ఆరో నెలలో నేను చేసిన ఫోను ఆయన భార్య ఎత్తింది. వెనకాల చుట్టాల మాటలు, కుక్కరు కూత. "బాగున్నారమ్మా. నువ్వు బువ్వ తిన్నావా?" అంది. తిన్నానన్నాను. డైరీలో రాసుకున్న ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు. ఉంటానండీ అని పెట్టేసి, అన్నిటికీ 'లేదు' అన్న గడిలో టిక్కులు పెట్టాను. మన ఇళ్ళల్లో ఎలా ఉన్నారంటే బాగున్నామనడం మర్యాద కొద్దీ వచ్చే మాటని నాకు తెలియక కాదు.

మూడు వారాలకు ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. వార్డు బయట బెంచీ మీద ఆవిడ నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది. "నువ్వు ఫోన్ సేసిన్నాటికే కాళ్ళు పొంగిపోయి సెప్పులు పట్టలేదమ్మా. ఎలాగున్నారంటే బాగోలేదని ఎలాగంటాం? కాళ్ళ సంగతి అడిగుంటే సెప్పీదాన్ని గదా," అంది, తప్పంతా తనదే అన్నట్టు. ఆయన మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లో పిన్ని నా కాగితం చాలాసేపు చూసి, "ఆరో నెలకి శుభ్రంగా ఉన్నాడే. ఇంత తొందరగా ఎలా చెడిందో," అంది. నేను గ్లాసులు కడిగే నెపంతో లేచిపోయాను.

పేపరు అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో నా పేరు కూడా ఉంది. వేరే ఆస్పత్రుల డాక్టర్లు ప్రశ్నల కాగితం పంపమని అడిగినప్పుడల్లా పిన్ని నాకు ఫోన్ చేసి మురిసిపోయేది. ఫోను ప్రశ్నలతోనే కనిపెట్టొచ్చని ఆమె తేల్చిన విషయం ఒక్క కాగితంతో తారుమారయ్యేది కాదేమో. కానీ ఆయనకున్నది ఆ ఒక్క కాగితమే.

పిన్నికి నిజం చెబుదామని ఎన్నోసార్లు వెళ్ళాను. చివరిసారి, పోయిన ఏడాది వానల్లో. ఆ ఫోన్ల పద్ధతి గురించి మాట్లాడటానికే ఆమె ఏదో ఊరు బయల్దేరుతోంది, కింద కారు హారన్ కొడుతోంది. గొడుగు తెరుస్తూ మూస్తూ గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఊళ్ళోనే జ్వరం పడి, పది రోజులకు పిన్ని పోయింది. చెప్పడానికి అర నిమిషం చాలేది. ఆ అర నిమిషం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. ఆ రోజు లిఫ్టు తలుపు మూసుకుంటుంటే పిన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపి, నా వైపు చూసి అంది: "ఏదో చెబుదామని వచ్చావు కదే? వచ్చేస్తాగా, కూర్చుని తీరిగ్గా వింటాను."