కిటికీ దగ్గరి గోల్డెన్‌రాడ్

ఎదురు ఫ్లాట్‌లో ఉండే కెనడా టీచరమ్మ ఖతర్ వదిలి వెళ్ళిపోతూ నాకొక కుండీ ఇచ్చింది. అప్పటికి నాకు నడుములో డిస్క్ జారి, స్కూల్లో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. అల్ ముంతజా అనే పేటలో మాది మూడో అంతస్తు. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, మంచమూ, ఏసీ చప్పుడూ. ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి నా పక్కన కూర్చునేది. డిగ్రీలో బోటనీ చదివానని మాటల్లో ఎప్పుడో చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది.

కుండీలో మట్టికి అతుక్కుని కాసిని ఆకులు తప్ప ఏమీ లేవు. "ఏం మొక్క ఇది?" అని అడిగాను.

"మా వైపు గడ్డి మైదానాల్లో, చెట్లు పలచగా ఉండే చోట్ల దానంతటదే మొలుస్తుంది. పేరు మాత్రం చెప్పను. పూశాక నువ్వే కనిపెట్టి నాకు చెప్పు," అని నవ్వింది. ఆ వారంలోనే విమానం ఎక్కేసింది.

ఎండలు ముదిరాక బయట పెడితే మాడిపోతుందని కుండీని హాల్లో కిటికీ దగ్గర పెట్టాను. మా ఆయనతో పాటు సైట్‌లో పనిచేసే నిజామాబాద్ వైపు అబ్బాయి ఒకడు పక్కనే నజ్మా పేటలో రూములో ఉంటాడు, ప్రతి శుక్రవారం మా ఇంటికి భోజనానికి వస్తాడు. అతను దాన్ని చూసి, "వదినా, గిది పాలకూరనా ఏంది? పప్పుల ఏస్తవా?" అన్నాడు.

"పాలకూర కాదు, కలుపు మొక్క. మీ వదిన ఏసీలో పెట్టి సాకుతోంది," అన్నారు మా ఆయన.

నాకు పంతం వచ్చింది. ఫోన్లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌కి ఫోటో చూపిస్తే ఒకసారి పొగాకు అంది, ఇంకోసారి ఇంకేదో అంది. దాన్ని పక్కన పెట్టి, కాలేజీలో మేడమ్ నేర్పినట్టు చేతులతో మొదలుపెట్టాను. కింది ఆకులు పెద్దవి, కోలగా, పొడవాటి కాడలతో ఉన్నాయి. వేలితో రాస్తే పిల్లి నాలుకలా గరుకు. వేసవిలో మధ్యలోంచి ఒక కాండం లేచింది. నిటారుగా, గట్టిగా, ఒంటినిండా నూగుతో. పైకి పోయేకొద్దీ ఆకులు చిన్నవైపోయి, కాడ అన్నదే లేకుండా కాండాన్ని పట్టుకుని ఉన్నాయి. నడుం నొప్పికి ఎక్కువసేపు వంగలేను కాబట్టి కుండీని స్టూలు మీదకి ఎక్కించి, కుర్చీలో కూర్చుని భూతద్దంతో చూసేదాన్ని. అలా చూస్తున్నంతసేపూ నొప్పి గుర్తుకొచ్చేది కాదు.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా మొగ్గలు విచ్చాయి. పసుపు పూలు. ఒక్కో పువ్వూ నిజానికి ఒక చిన్న గుత్తి: అంచున నాలుకల్లాంటి రేకులు, మధ్యలో సన్నటి గొట్టాలు. పొద్దుతిరుగుడు, బంతి, చేమంతి కుటుంబమని అక్కడికక్కడే తెలిసిపోయింది. కెనడా, గడ్డి మైదానాలు, పసుపు పూలు అని వెతికితే గోల్డెన్‌రాడ్ అని వచ్చింది. కానీ ఫోటోల్లో ఆ పూలు ఈకల్లా ఒక పక్కకి వాలి ఉన్నాయి. నా మొక్కలో పూలన్నీ ఒకే ఎత్తులో, పైన కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. కాదేమోనని రెండు రోజులు దిగులుపడ్డాను.

ఈలోగా మా ఆయనకి తుమ్ములు పట్టుకున్నాయి. పొద్దున లేస్తే ముక్కు పట్టుకుని తిరగడమే.

"ఇదంతా నీ పూల పుప్పొడే. తీసి బయట పారేద్దాం," అన్నారు.

"పేరు తేలేదాకా ఆగండి."

"పేరు తేలితే తుమ్ములు ఆగుతాయా?"

కుండీని ఆయనే తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టారు. నేను కుర్చీ బాల్కనీ తలుపు దగ్గరికి జరుపుకుని వెతుకుతూనే ఉన్నాను. చివరికి దొరికింది. గోల్డెన్‌రాడ్‌లో చాలా రకాలున్నాయట. అందులో ఒకటి స్టిఫ్ గోల్డెన్‌రాడ్. బిరుసు కాండం, గరుకు ఆకులు, చదునైన పూలగుత్తి. ఒక్కొక్క గుర్తూ చదివి మొక్కను చూశాను, మొక్కను చూసి మళ్ళీ చదివాను. అన్నీ కలిశాయి. ఒక్కదాన్నే ఉన్నా పైకి "దొరికింది" అని అరిచాను.

అదే చోట ఇంకో సంగతీ ఉంది. ఈ పువ్వుల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, పురుగులు మోసుకెళ్ళాల్సిందే తప్ప గాలికి పెద్దగా ఎగరదు. తుమ్ములు తెప్పించేది వేరే మొక్కలైతే నింద దీనిమీద పడుతుందట. సాయంత్రం ఆయన రాగానే చదివి వినిపించాను. కుండీ బాల్కనీలోకి వెళ్ళినా తుమ్ములు తగ్గలేదని ఆయనకీ తెలుసు. తర్వాత ఏమనుకున్నారో, స్టూలెక్కి ఏసీ మూత ఊడదీశారు. ఫిల్టర్ మీద దుప్పటి పరిచినట్టు దుమ్ము.

"ఇదెప్పటిది?" అన్నారు.

"మీరు కడుగుతానన్నప్పటిది," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఫిల్టర్ కడిగాక తుమ్ములు తగ్గాయి, పూర్తిగా పోలేదు. కుండీ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. టీచరమ్మకి పేరు రాసి పంపితే, సరిగ్గా చెప్పావని పొంగిపోతూ జవాబిచ్చింది.

ఆ చలికాలం రెండు మంచి వానలు పడ్డాయి. ఒక శుక్రవారం ముగ్గురం కారులో అల్ ఖోర్ వెళుతుంటే రోడ్డు పక్కన ఇసుకలో పసుపు రంగు కనిపించింది. కారు ఆపమన్నాను. నడుం పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇదీ గోల్డెన్‌రాడేనా?" అని మా ఆయన వెనకే వచ్చారు.

"కాదండీ. ఆకులు చూడండి, సన్నగా చీలికలు చీలికలుగా ఉన్నాయి. కుటుంబం మాత్రం అదే."

"మరి పేరేంటి?"

"తెలీదు."

కారులోంచి నిజామాబాద్ అబ్బాయి కేకేశాడు. "యల్లా, జల్ది రా వదినా! ఫ్లాస్కుల చాయ్ సల్లారిపోతది."

"ఒక్క నిమిషం ఉండవయ్యా," అని మా ఆయనే జవాబిచ్చి, గాలికి పువ్వు ఊగిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి నా పక్కన కూర్చున్నారు.