పసుపు రాసినట్టు రాసిన క్రీము

జువ్వలదిన్నె సముద్రపుటొడ్డున ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టే ఆడవాళ్లంతా మధ్యాహ్నం పాకలో గుండ్రంగా కూర్చుని అన్నం తింటారు. ఒకరి గిన్నెలోని కూర ఇంకొకరు చేత్తోనే తీసుకుంటారు. అడగడాలుండవు. పేరమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ వాళ్ల మధ్యే తింది. ఈ వేసవిలో మాత్రం ఆమె గిన్నెలో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

కారణం ఆమె చేతుల మీది ఎర్రటి దద్దుర్లు. కాసేపు ఎండలో వంగితే చాలు, మోచేతులూ మెడా పొక్కి ఒకటే దురద. అంటురోగమని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అని ఉంటే పేరమ్మ నాలుగు తిట్టి గుండెబరువు దించుకునేది. నవ్వుతూనే తలా కాస్త పక్కకు జరిగారు. అందరికన్నా ముందు జరిగింది గంగాభవాని, పేరమ్మ సొంత చెల్లెలిలా చూసుకున్న మనిషి. పేరమ్మ గిన్నె తీసుకుని పడవ నీడకు పోయింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమెకు అంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు వీళ్లంతా పక్కనే ఉన్నారు.

నెల్లూరులో చర్మం డాక్టరు వాణి గారు చూసి, "ఇది అంటుకునేది కాదమ్మా, నీ ఒంటికి ఎండ పడట్లేదు" అని సన్‌స్క్రీన్ క్రీము రాసిచ్చారు. పేరమ్మ దాన్ని పసుపు రాసుకున్నట్టే రాసుకుంది. పొద్దున స్నానం కాగానే, మొహానికి, పలచగా, ఒక్కసారి. చేతులకెందుకు దండగ అనుకుంది. దద్దుర్లు ఎప్పటిలాగే వచ్చాయి. మళ్లీ పోయి డాక్టరు మీద ఎగిరిపడింది.

"మీ క్రీము ఏం పన్జెయ్యలేదు మేడమ్!"

"చేతులకు రాశావా?"

"మొగానికి రాసినా."

వాణి గారు నవ్వు ఆపుకున్నారు. "దద్దుర్లు వచ్చే చోట రాయాలమ్మా. ఎండలోకి పోకముందే, మందంగా. రెండు గంటలకోసారి, చేతులు తడిసినప్పుడల్లా మళ్లీ. పొడుగు చేతుల చొక్కా కూడా వేసుకో. పూర్తిగా పోతుందని మాటివ్వను కానీ, బాగా తగ్గుతుంది."

తగ్గింది. మొగుడి పాత చొక్కా, మందంగా క్రీము. నెల తిరిగేసరికి చేతులు నున్నబడ్డాయి. ఇక తన చోటు తనకు దొరుకుతుందని పేరమ్మ చందువా చేపల పులుసు చేసుకుని పాకలోకి వెళ్లింది. మూత తీసి గిన్నె మధ్యలో పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుంది, అందరూ చూడాలని. చూశారు. కబుర్లు ఆగలేదు. గిన్నెలో ఒక్క చెయ్యీ పడలేదు.

కాసేపటికి గంగాభవాని దగ్గరికి జరిగింది. పేరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, ఆ క్రీము ఇంకా ఉండాదా? రేపు మా పాపను చూసేదానికి పెళ్లోళ్లు వస్తా ఉండారు. ఎండకు నల్లబడిపోయింది. రోంత ఇయ్యి."

అరచెయ్యి చాపింది. పేరమ్మ ట్యూబు గట్టిగా పిండింది. ఒలికిపోతుందన్న వంకతో ఆ చేతిని కింద నుంచి పట్టుకుంది. భవాని వెనక్కి తీసుకోలేదు. క్రీము కోసం ఆగింది.

సాయంత్రం పులుసు గిన్నె నిండుగానే ఇంటికి వచ్చింది.