సగం చెప్పిన మాట

మిరప కల్లంలో ఎండు కాయల ఘాటు తగిలితే ఎవరికైనా తుమ్ములు వస్తాయి. నాకు తుమ్ములతోపాటు రాజ్యలక్ష్మి సిస్టర్ కూడా గుర్తొస్తుంది. మొన్న బోనకల్ దగ్గర కాయ ఏరే కూలీలతో సుఖవ్యాధుల గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడూ అంతే. కళ్లు తుడుచుకుంటూ, ఆమె ఉంటే నన్ను చూసి ఎంత నవ్వేదో అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో నర్సుగా నా మొదటి ఉద్యోగం ఆమె చేతి కిందే. గొంతు పెద్దది, మొహమాటం తక్కువ. మిరప కల్లాల్లో కండోమ్ ప్యాకెట్ పట్టుకుని మగవాళ్ల మధ్య ఆమె మాట్లాడుతుంటే నేను తల దించుకునేదాన్ని. "ఏందే, నేల మీద ఏం దేవులాడుతున్నవ్? సిగ్గుపడితే రోగం పోతదా?" అని అందరి ముందే ఆటపట్టించేది. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది.

మిరప లారీ మీద దూరాలు తిరిగే భద్రయ్య ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి, దారిలో తప్పులు చేశానని ఒప్పుకున్నాడు. అతని భార్య సమ్మక్క అప్పటికే గర్భిణి. సిస్టర్ తిట్టలేదు. ప్యాకెట్లు చేతిలో పెట్టి, "బయటైనా ఇంట్లైనా ఇది లేకుండ ఉండకు. ఇది వాడితే నీ ఇంటామెకు ఏం గాదు," అంది. భద్రయ్య బుద్ధిగా తలూపాడు. చెప్పినట్టే వాడాడు కూడా. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కొన్నాళ్లకు అతని గజ్జల్లో, కండోమ్ కప్పని చోట చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. ఒంట్లో వేడి ఎక్కువైతే ఇలాంటివి లేస్తాయని, జీలుగు కల్లు తాగితే చలవ చేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. తాగాడు. పుండు మానింది. కల్లు పనిచేసిందని సంబరపడ్డాడు. అది సవాయి రోగం, అంటే సిఫిలిస్. ఆ పుండు మందు లేకపోయినా పైకి మానిపోతుందని, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుందని అతనికి తెలియదు. పుండు ఉన్న రోజుల్లోనే, చర్మానికి చర్మం తగిలి, అది సమ్మక్కకు అంటుకుంది.

సమ్మక్కకు బిడ్డ చనిపోయి పుట్టింది. ఆ తర్వాత చేసిన రక్తపరీక్షలో సంగతి బయటపడింది. ముందే చేయించి ఉంటే బిడ్డ దక్కేదేమో. దవాఖానా మంచం మీంచి సమ్మక్క కోపంతో కాదు, అర్థంకాకే అడిగింది: "నువ్వు చెప్పినట్టే జేసిండు గద సిస్టరమ్మా. మరి గిట్లెందుకైంది?"

సూదిమందుతో ఇద్దరికీ నయమైంది. కానీ ఊరికి భయం పట్టుకుంది. సమ్మక్క తాకిన బిందెను ఎవరూ తాకలేదు. సిస్టర్ ఆ వాకిట్లో కూర్చుని, సమ్మక్క చెంబుతోనే నీళ్లు తాగి, "చూస్తున్నరు గద? చెంబుతోని రాదు, బట్టతోని రాదు. కలిసి పండుకున్నప్పుడు పుండు తగిలితే వస్తది," అంది. తర్వాత, అంతకుముందు మాట్లాడిన పల్లెలన్నిటికీ మళ్లీ బయల్దేరింది.

"మీకు నేను సగమే చెప్పిన. కండోమ్ కప్పినంత మేరే కాపాడ్తది. అది మాత్రం ఇడువకున్రి. పుండు కనబడ్డదా, నొప్పి లేకున్నా, మానిపోయినా, మొగుడూ పెండ్లాం ఇద్దరూ వచ్చి రక్తం చూపిచ్చుకోన్రి."

వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగుదారిలో ఉండబట్టలేక, "మన తప్పు మనమే చాటుకోవాలా సిస్టర్?" అన్నాను.

"నా మాట నమ్మినోళ్లకే దెబ్బ తగిలింది పిల్లా. నమ్మనోళ్లకు గాదు," అంది.

ఆమె పోయి చాలా కాలమైంది. మొన్న కల్లంలో అంతా చెప్పి, సంచి సర్దుకుని లేచాను. ముందు వరసలో ఉన్న కూలీ ఒకామె నవ్వుతూ, "నువ్వు చెప్పినట్టే చేస్తం సిస్టరమ్మా," అంది.

లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను. "నేనేం చెప్పానో, నువ్వొకసారి నాకు చెప్పమ్మా," అన్నాను.