బార్డోలీ బీరువాలో మా నెమలి

మూతికి మాస్కు, చేతికి శానిటైజర్ తప్ప మనిషికి వేరే నగలు లేని ఆ రోజుల్లో, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒక కొత్త విద్యలో పండితులైపోయారు. కొందరు కేకులు కాల్చారు, కొందరు కషాయాలు కనిపెట్టారు. కాలేజీ మూతబడి, తెలుగు నేతవాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ భేస్తాన్‌లోని మా ఇంట్లో కూర్చున్న నేనేమో సర్వర్ పెట్టాను. పెట్టాను అంటే అదేదో మహా నిర్మాణం అనుకునేరు. మామయ్య ఆఫీసులో మూలకు పడేసిన పాత కంప్యూటర్‌ను అడిగి తెచ్చుకుని, కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఎవరో పుణ్యాత్ములు అందరూ ఊరికే వాడుకోండని రాసిచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో నా నడకే మారిపోయింది.

అందులో ఉన్నవి మాత్రం ఆషామాషీ వస్తువులు కావు. మా బాపుకు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) నాలుగు సాంచెలున్న చిన్న కార్ఖానా ఉంది. సాంచెలంటే మరమగ్గాలే. చీర అంచుల డిజైన్లు ఆయనే వేసేవాడు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి మగ్గానికి తగిలిస్తేనే ఆ పువ్వు నేతలో పడుతుంది. ఆ వానాకాలం కార్ఖానా షెడ్డులోకి నీళ్లొచ్చి అక్కడి కంప్యూటర్ పోయింది. అంతకు ముందే డిజైన్లన్నీ నా సర్వర్‌లోకి చేర్చాను కాబట్టి బతికిపోయాం. నేను పుట్టిన ఏడాది వేసిన నెమలి నుంచి మొన్నటి మామిడి పిందె దాకా, బాపు చేతి పనంతా కుట్టుమిషన్ పక్కన గర్రుమంటూ ఉండేది.

ఒక నకలు దగ్గరుండాలి, ఇంకోటి దూరంగా వేరే ఇంట్లో ఉండాలి అని ఎక్కడో చదివాను. చదివిందే తడవు, ఒక డిస్కును సర్వర్ పక్కనే పెట్టి, ఇంకో రెండు డిస్కులకు బార్డోలీలో మా పెద్దమ్మ బీరువాను కేటాయించాను. బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక ప్రతి ఆదివారం నింపిన డిస్కు తీసుకెళ్లి ఆమె పట్టుచీరల మధ్య పెట్టడం, పోయిన వారం పెట్టినదాన్ని తెచ్చుకోవడం. ఇదంతా అమ్మకు అస్సలు మింగుడు పడలేదు.

"ఆదివారమైతే సాలు, తల దువ్వుకొని బస్సెక్కుతవు. బార్డోలీల ఏం పనే నీకు?"

"బ్యాకప్ పెట్టాలమ్మా."

"బ్యాకప్ పెట్టేదానికి కొత్త చున్నీ ఎందుకే?"

చున్నీ సర్దుకుని బస్సుకు బయల్దేరాను. (ఊరికే, బస్సు ప్రయాణం కదా అని.) అమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసి కూపీ లాగింది. "ఏం చేస్తది? డబ్బా పెడ్తది, డబ్బా తీస్తది, చాయ్ తాగుతది, పోతది" అంది పెద్దమ్మ. దాంతో అనుమానం రెట్టింపైంది. ఆ డబ్బాలో ఎవడి ఫొటో ఉందోనని అమ్మ కొన్నాళ్లు నిద్రపోయినట్టు లేదు.

అలా దసరా వచ్చింది. లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లిపోయిన పనివాళ్లు, బాపు మాట నమ్మి తిరిగొచ్చారు. నెలల తరబడి మూగబోయిన సాంచెలు మర్నాడు పొద్దున నడవాలి. రింగ్ రోడ్ బట్టల బజారు వ్యాపారి ఒకాయన దీపావళికి ఆ పాత నెమలి అంచే కావాలని పట్టుబట్టాడు. అది తప్ప చేతిలో ఇంకో ఆర్డర్ లేదు. అది పోతే పనివాళ్లకు మళ్లీ ఊరి రైలే గతి.

పూజకు అమ్మ ఇంట్లో ఉన్న ఇనుమంతా వరుసగా పేర్చింది. కత్తిపీట, కత్తెర, కుట్టుమిషన్, వాటి సరసన నా సర్వర్, దాని పక్కన ఇంట్లో ఉన్న రెండు డిస్కులు. అన్నిటికీ పసుపు, కుంకుమ. (మా అమ్మకు పక్షపాతం లేదు.)

"జర దాన్ని బంద్ వెట్టు బిడ్డా. పూజకు మిషన్లన్ని బంద్ ఉండాలె" అన్నాడు బాపు.

"సర్వర్‌ను బంద్ చెయ్యరు బాపూ. అది రాత్రీ పగలూ నడవాలి" అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బాపు కొబ్బరికాయ కొట్టాడు. ఏటా నాలుగు దెబ్బలకు గానీ పగలని కాయ ఆ రోజు ఒక్క దెబ్బకే బద్దలై, నీళ్లన్నీ ఎగిరి సర్వర్ నెత్తిన పడ్డాయి. లోపల టప్పుమంది. కాస్త పొగ, కాస్త కమురు వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం. పక్కనున్న డిస్కులు రెండింటికీ తీర్థం అందింది.

బాపు చేతిలో కొబ్బరి చిప్పలు అలాగే ఉన్నాయి. "నెమలి గూడ పాయెనా?" అన్నాడు మెల్లగా.

"బార్డోలీలో ఉంది బాపూ."

"నేను గూడ వస్త" అంటూ అమ్మ చెప్పులేసుకుంది.

పెద్దమ్మ బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన మధ్య, చేతిరుమాల్లో చుట్టిన డిస్కు బుద్ధిగా ఉంది. అమ్మ చీరల కింద చూసింది, బీరువా వెనక చూసింది, వంటింట్లోకి కూడా తొంగి చూసింది. "గీ డబ్బా కోసమేనా గిన్ని ఆదివారాలు!" అంది. ఆ గొంతులో ఊరట ఎంతో, నిరాశ కూడా అంతే. తిరుగు ప్రయాణంలో డిస్కును కొంగులో కట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. పక్క సీటులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

పక్కింటి బెన్ (అక్కను ఇక్కడ అలాగే అంటారు) తన కొడుకు ఆన్‌లైన్ క్లాసుల కంప్యూటర్ ఇచ్చింది. అసలు సంగతి చెప్పనా? అన్ని ఆదివారాలు మోశానే గానీ, ఆ నకలు తిరిగి లేస్తుందో లేదో ఒక్కసారైనా పరీక్షించి చూడలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించి డిస్కు తగిలిస్తే ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఇది పాత వెర్షన్ డేటా, నేను తీసుకోను పొమ్మంది. ఆదివారం నకలు తీశాక నేను హుషారుగా సర్వర్‌ను ఒక్కో వెర్షన్ అప్‌డేట్ చేసుకుంటూ కొత్తదానికి చేర్చాను మరి. ఇప్పుడు అదే కొత్తదాన్ని నేరుగా ఎక్కించి, మధ్య మెట్లన్నీ ఎగిరి దూకాలని చూశాను. వెనక బాపు, అమ్మ, బెన్, పనివాళ్లు మాస్కుల మీంచి నన్నే చూస్తున్నారు. చెమట తుడుచుకుని, అంతా తీసేసి, మొదట పాత వెర్షనే ఎక్కించాను. డేటా అందులో పోశాను. గీత నిండుతూ నిండుతూ చివరికొచ్చి ఆగింది. తెర మీద నెమలి విచ్చుకుంది.

"ఇగో! తోక గిదే, గిదే!" బాపు తెర మీద వేలు పెట్టి ఒక్కో ఈకా తడిమాడు. అమ్మ అప్పటికే గల్లీలోకి పరుగెత్తి, "మా పిల్ల బార్డోలీల దాసిపెట్టిందవ్వా!" అని చాటింపు మొదలుపెట్టింది. అప్‌డేట్ మెట్లు ఆ తర్వాత నింపాదిగా, ఎక్కిన ప్రతి మెట్టు మీదా ఒక నకలు తీసుకుంటూ ఎక్కాను.

మర్నాడు పొద్దున సాంచెలు ఒక్కసారిగా మోత అందుకున్నాయి. అన్ని నెలల తర్వాత ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. గుడ్డ అంచున మొదటి నెమలి పడుతుంటే, నేను షెడ్డు నడిమధ్య నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, లోకాన్నంతా ఒంటిచేత్తో నిలబెట్టినదానిలా నిలబడ్డాను. ఇప్పుడు నా ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం. అంతకంటే పెద్దవి ఎన్నో పడిపోతుంటాయి, లేపుతుంటాను, మంచినీళ్లు తాగి ఇంకో పని చూసుకుంటాను. ఒక్కోసారి ఎవరూ లేనప్పుడు అలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూస్తాను. నవ్వొస్తుంది గానీ, అప్పటి ఆ పిల్ల నిలబడినట్టు మాత్రం నాకు కుదరడం లేదు.