ఉగాది వాయిదా

మరాఠీవాళ్ల నడుమ ఉన్న మా ఊరిని అప్పుడు అందరూ చాందా అనేవాళ్లు. అక్కడ కొద్దిమంది తెలుగువాళ్లం ఆదివారం పొద్దున చేరి పాటలు పాడుకునేవాళ్లం. బట్టల దుకాణం సావుకారు దుకాణం వెనక గది ఇచ్చాడు, హార్మోనియం కూడా ఆయనే వాయించేవాడు. డోలక్ వాయించే అన్న మాజ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడు, రైలెక్కి వచ్చేవాడు. నేను గుంపులో గొంతు కలుపుతూ తాళాలు వేసేవాణ్ని. మాలో ఎవరికీ సంగీతం రాదు. ఆ సంగతి వినేవాళ్లకంటే మాకే బాగా తెలుసు.

ఏటా ఉగాది నాడు పచ్చడి తాగాక మాకొక ఆచారం ఉండేది. వచ్చే ఉగాదిలోపు పాటలో ఎవరు ఏం సాధిస్తారో అందరి ముందూ చెప్పాలి. దానికి మేం పెట్టుకున్న పేరు వాయిదా. మరాఠీలో వాయ్‌దా అంటే మాట ఇవ్వడం. తెలుగులో వాయిదా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మేం మరాఠీ అర్థంతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి తెలుగు అర్థంలో తేలేవాళ్లం. సావుకారుకు హార్మోనియం మీద తెల్ల మెట్లే వచ్చు. నల్ల మెట్లు కూడా నేర్చుకుంటానని ఆరేళ్లుగా అదే వాయిదా. డోలక్ అన్న వాయిదా ఇంకో రకం. "పాట నడుమ ఉరుకులాడ" అని ఒట్టు పెట్టేవాడు. మాజ్రి రైలు వేళ దగ్గరపడుతుంటే ఆయన చేయి ఆగేది కాదు, ఎంత నెమ్మది పాటైనా స్టేషన్ దాకా పరుగెత్తేది.

యాభై ఆరు ఉగాదికి నా వంతు వచ్చింది.

"ఏం బిడ్డా, ఈసారన్న ఏమన్న జెప్తవా, తాళాలే కొట్టుకుంట కూసుంటవా?" అన్నాడు సావుకారు.

అందరూ నవ్వారు. ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ నన్నే చూస్తోంది. నాకు రోషం వచ్చింది. "వచ్చే ఉగాదికి మా అమ్మ పాట ఒక్కణ్నే పాడుత. కాయిదం సూడకుంట పాడుత" అన్నాను. నలుగురి ముందు ఒంటరిగా నోరు తెరవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణసంకటం.

అమ్మ పాట అంటే అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పాడిన పాట. ఆదిలాబాద్ వైపు నుంచి అమ్మ తనతో తెచ్చుకున్నది అదొక్కటే అని నవ్వుతూ చెప్పేది.

పొయికాడ కూసుంటె పొగ సుట్టె తల్లీ
మెడలున్న దండంత మసిబారె తల్లీ
నెలకొక్క తూరన్న నవ్వవే తల్లీ

ఇంతే పాట. వీటినే తిప్పి తిప్పి పాడాలి. ఆ తల్లి ఎవరో, దేవతో, అమ్మమ్మ వాళ్లమ్మో, నేనెప్పుడూ అడగలేదు. అమ్మ పాడుతుంటే రాసుకున్నాను. రాసింది మరాఠీ అక్షరాల్లో. నేను చదివింది మరాఠీ బడి, తెలుగు అక్షరాలు నలభై దాటాక గానీ నేర్చుకోలేదు. మరాఠీ రాతలో పొట్టి ఎ లేదు, పొట్టి ఒ లేదు. మెడ అని రాయాలన్నా మేడ అనే రాయాలి. నెల రాస్తే నేల అవుతుంది. అది పెద్ద విషయమని అప్పుడు అనిపించలేదు. పాట చెవిలో ఉందిగదా, కాగితం గుర్తు కోసమే అనుకున్నాను.

వానలు పడేనాటికి, భాషను బట్టి రాష్ట్రాలు విడదీసే మాట మొదలైంది. మా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోతుందన్నారు. నేను ఒక సర్కారీ ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. నాన్న పోయి నాలుగేళ్లయింది, ఆ నౌకరీ మీదే అమ్మా నేనూ బతుకుతున్నాం. ఆఫీసులో చాయ్ తాగే చోట ఒకటే మాట. ఏ భాషవాణ్ని ఆ భాష రాష్ట్రానికి పంపేస్తారట. తెలుగువాళ్లనందరినీ హైదరాబాద్ వైపుకు తోలేస్తారట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. కానీ అందరూ విన్నారు.

నాకు భయం పట్టుకుంది. తెలుగువాళ్ల నడుమకు పోవడానికి తెలుగువాడికి భయమేమిటని మీరు నవ్వొచ్చు. అక్కడ ఇకమీదట ఫైళ్లన్నీ తెలుగులోనే ఉంటాయన్నారు. నాకు తెలుగులో నా పేరు కూడా రాయడం రాదు. అక్కడ నేను వేలిముద్ర గుమాస్తాను. వారం రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఆ ఇల్లు ఎక్కడుంటుంది? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అన్నం దిగేది కాదు.

ఒకరోజు మా బడే బాబు, అంటే హెడ్ క్లర్క్, అందరికీ ఒక ఫారం పంచాడు. పేరు, చదువు, మాతృభాష. కింద చిన్న అక్షరాల్లో, తప్పు రాస్తే నౌకరీ పోతుందని ఉంది. మా ఇంటిపేరుకు బడిలో మాస్టారు 'వార్' అని మరాఠీ తోక తగిలించాడు. చాందాలో ఆ తోక ఉన్నవాణ్ని ఎవరూ నీది ఏ భాష అని అడగరు. నేను కలం సిరాలో ముంచాను, ఆరిపోయింది, మళ్లీ ముంచాను. మాతృభాష దగ్గర మరాఠీ అని రాశాను. సంతకం పెట్టాను.

అంతవరకు ఒక్కటే భయం, పంపేస్తారని. సంతకంతో రెండోది మొదలైంది, దొరికిపోతానని. బడే బాబు మరాఠీవాడే గానీ, సిరొంచలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. సిరొంచ అంటే సగానికి పైగా తెలుగే. ఆయనకు తెలుగు చెవి ఉంది. "ఇక్కడికి రా" అని పిలిచినప్పుడల్లా ఆ ఫారం ఆయన చేతిలో ఉందేమోనని చూసేవాణ్ని. చలికాలం మొదట్లో ఆఫీసు బోర్డు మీద రాష్ట్రం పేరు మార్చి రాశారు. పేర్ల జాబితా ఒకటి వస్తుందని అందరూ అన్నారు. రాలేదు. రాకపోతే భయం పోవాలి కదా, పోలేదు. రేపు వస్తుందనిపించేది.

ఇంకో పీడ కూడా వచ్చింది. మా పెరటి గోడ అవతల మా ఆఫీసువాడే ఒకడు అద్దెకు దిగాడు. ఇక ఇంట్లో నా గొంతు పడిపోయింది. పాట సాధన మానలేదు. మానితే వాయిదా తప్పుతుంది, సావుకారు ఏడాదంతా ఆటపట్టిస్తాడు. కానీ పెదాలతోనే పాడేవాణ్ని. కాగితం ముందు పెట్టుకుని, చప్పుడు లేకుండా, కళ్లతో. అమ్మతో కూడా మెల్లగా మాట్లాడమని చెప్పాను. పక్కాయనకు తలనొప్పి అని అబద్ధమాడాను.

అమ్మ చాలా రోజులు చూసింది. ఒక పొద్దున రొట్టె కాలుస్తూ అంది, "గొంతెత్తరాదుర. నోట్లె పెట్టుకుంటె పాట పాసిపోతది."

"పాడుత తియ్యే, ఇంకా దినాలున్నయి గదా" అన్నాను.

"ఏంది బిడ్డా, ఎవ్వరికి భయపడుతున్నవ్?"

ఎవరికీ లేదన్నాను. ఆమె రొట్టె తిప్పింది.

ఉగాదికి, అంటే మరాఠీవాళ్ల పాడ్వాకు, నాలుగు రోజుల ముందు సావుకారు సంబరంగా చెప్పాడు. "మీ బడే బాబు మన దుకాణంల బట్టలు కొన్నడు. పాడ్వా నాడు మా కాడ పాటలుంటయి, రారి సాబ్ అన్న. వస్త అన్నడు."

"నా పేరు జెప్పినవా?" అన్నాను.

"లే. ఏం, పాడుతవని జెప్పాల్నా?"

వద్దన్నాను. ఆ నాలుగు రోజులూ జ్వరం రావాలని దేవుళ్లందరినీ అడిగాను. ఒక్కరూ పట్టించుకోలేదు. పండుగ పొద్దున బయలుదేరే ముందు అమ్మతో, ఆమె మొహం చూడకుండా ఒక మాట అన్నాను. "అక్కడ ఆడోళ్లల్ల కూసో. నా కాడికి రాకు." ఎందుకని ఆమె అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కొంగు సర్దుకుని నా కంటే ముందే నడిచి వెళ్లిపోయింది.

బడే బాబు ముందు వరసలో జంపఖానా మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "అరే, నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నాడు మరాఠీలో. పాటలంటే ఇష్టం సాబ్, అన్నాను. గదిలో ఉన్న ప్రతి మనిషికీ నేనెవరి కొడుకునో తెలుసు. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు.

సావుకారు నా వాయిదా అందరికీ గుర్తుచేశాడు, అదృష్టం కొద్దీ అది మా అమ్మ పాట అని మాత్రం అనలేదు. ఆరేళ్లుగా ముట్టని నల్ల మెట్టు ఆయన సరిగ్గా ఆ రోజే నొక్కాడు, తన వాయిదా తీర్చుకోవడానికి. శ్రుతి ఎక్కడో అటకమీదికి పోయింది. నేను కళ్లు మూసుకుని అమ్మ గొంతు గుర్తుచేసుకుని మొదటి వరస ఎత్తుకున్నాను. పొయికాడ కూసుంటె పొగ సుట్టె తల్లీ. వచ్చింది. అమ్మ పలికినట్టే వచ్చింది.

కళ్లు తెరిచాను. బడే బాబు కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. తల పక్కకు వంచి నన్ను చూస్తున్నాడు, కొత్త కాగితం చదువుతున్నట్టు.

అంతే, అమ్మ గొంతు పోయింది. ఎంత వెతికినా చెవిలో ఏమీ లేదు. నెలల తరబడి కళ్లతో పాడిన మరాఠీ అక్షరాలు మాత్రం ఉన్నాయి. వాటినే చదివాను. మేడలున్న దండంత మసిబారె తల్లీ. మేడలో ఉన్న దండ అట. డోలక్ అన్న చేయి ఒక దెబ్బ తప్పింది. వెనక ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. బడే బాబు కనుబొమలు దిగాయి. ఆయన నవ్వి, పక్కాయనతో మరాఠీలో అన్నాడు, "మన పిల్లాడే."

ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మేడ అన్నది తప్పు. భయంతో వచ్చిన తప్పు. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరి అందింది, నెల అనాలని తెలుసు. తెలిసే నేల అన్నాను. నేలకొక్క తూరన్న నవ్వవే తల్లీ. మళ్లీ మొదటికి వచ్చి, బాగా పాడిన పొయి కూడా పోయి చేశాను. పొగను పోగ చేశాను. ఒక్కొక్క అక్షరం సాగదీస్తుంటే బడే బాబు తల ఊపుతున్నాడు. నా భయం తగ్గుతోంది. ఆడవాళ్ల వైపు చూడలేదు.

పాట అయ్యాక ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. "మెడ, మేడ! సిరొంచలో నేనూ రెండేళ్లు ఇదే తప్పు చేశాను. మనకు ఆ పొట్టి అక్షరాలు రావు" అన్నాడు. తర్వాత, తన మాటకు తనే నవ్వుకుంటూ, ఆ ఫారం సంగతి తెచ్చాడు. మరాఠీ మాతృభాష కానివాళ్లకు మరాఠీ పరీక్షకు గడువు ఇవ్వాలట, అందుకు అడిగారట. "ఎవర్నో ఎక్కడికో పంపేస్తారని ఆఫీసంతా భయపడి చచ్చింది. వెర్రివాళ్లు. నీకా బాధే లేదులే."

అప్పుడు చెప్పొచ్చు. సాబ్, నేను తెలుగువాణ్నే, అదిగో మా అమ్మ, అనొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ తప్పు రాస్తే నౌకరీ పోతుందన్న ఆ కింది వరస, దాని కింద నా సంతకం కనపడ్డాయి. నోరు మూసుకున్నాను. నన్ను ఎక్కడికీ పంపరని తెలిశాక కూడా భయపడుతూనే ఉన్నాను.

అమ్మ పచ్చడి గ్లాసుల పళ్లెం పట్టుకుని వరసగా అందరికీ ఇస్తూ వస్తోంది. నా దగ్గరికి రావద్దని చెప్పాను. కానీ బడే బాబు నా పక్కన ఉన్నాడు, అతిథిని దాటిపోకూడదు. ఆయన గ్లాసు తీసుకుని, వచ్చీరాని తెలుగులో సరదాగా అడిగాడు. "బాయీ, మా పిలగాడు ఎట్ల పాడిండు?"

అమ్మ నా వైపు చూసింది. ఎంతసేపో కాదు. ఇన్నాళ్లూ నేను మెల్లగా మాట్లాడమన్నది ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైందని నాకు అర్థమైంది.

"మా భాష కాదు గద సాబ్, పాపం" అంది. "మంచిగనే నేర్సుకున్నడు."

పళ్లెం నా ముందుకు జరిపింది.

"తీస్కోండ్రి" అంది.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను రా అని, బిడ్డా అని, కోపం వస్తే గాడిదా అని పిలిచిన మనిషి. నన్ను మీరు అన్నది ఆ ఒక్కసారే. నేను రెండు చేతులా గ్లాసు అందుకున్నాను. "ధన్యవాద్, బాయీ" అన్నాను.

హార్మోనియం దగ్గర నుంచి సావుకారు గట్టిగా అరిచాడు, "పిలగాని వాయిదా చెల్లింది!" అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ చేతుల్లో పళ్లెం ఉంది. ఆమె కొట్టలేదు.