తోమిన తూకపు రాళ్లు

అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో జెట్టీ నుంచి పైకెక్కే రోడ్డుకి అటుపక్క మా అక్క దుకాణం, ఇటుపక్క నాది. తక్కెడ పట్టుకుని తలెత్తితే చాలు, ఎదురుగా ఆవిడ మొహం. ఇన్ని దీవులున్నాయి కదా, దేవుడికి నన్ను పడేయడానికి ఇంకో రోడ్డే దొరకలేదా అనుకునేదాన్ని.

శ్రీకాకుళం వైపు నుంచి ముందు అక్కా బావా ఓడెక్కి వచ్చి స్థిరపడ్డారు. తర్వాత కొన్నేళ్లకి మా ఆయనకి ఇక్కడి బళ్లో మాస్టారి ఉద్యోగం వచ్చింది. అక్క కొట్టు చూసి, ఆవిడ చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అని నేనూ బియ్యం, పప్పులు, చక్కెర తెచ్చి దుకాణం పెట్టాను. ఆవిడేమైనా అడ్డం చెప్పిందా అంటే, లేదు. కొబ్బరికాయ కొట్టింది కూడా ఆవిడే. అదిగో, ఆవిడతో వచ్చిన చిక్కే అది. తిట్టుకోవడానికి ఒక్క కారణమైనా ఇచ్చేది కాదు.

కారణాలు నేనే వెతుక్కునేదాన్ని. పుట్టింట్లో వంట ఆవిడది, అంట్లు నావి. వచ్చిన చుట్టాలంతా కూర అదిరిందమ్మా అని అక్కని మెచ్చుకునేవారు. గిన్నె అద్దంలా మెరుస్తోందే అని నన్ను మెచ్చుకున్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. బూడిదలో నానిన చేతులు వెనక దాచుకుని, తలుపు చాటు నుంచి ఆ మాటలు వినేదాన్ని. అప్పుడు పుట్టిన కడుపుమంట సముద్రం దాటినా ఆరలేదు.

అక్క దుకాణం ఎలా ఉండేదో చూడాలి! బియ్యం బస్తా మీద పిల్లి పడుకునేది. నేల మీద పప్పుగింజలు కాళ్లకి గుచ్చుకునేవి. తూకపు రాళ్లనైతే కొబ్బరినూనె డబ్బా పక్కన పడేసేది. వాటికి జిడ్డు పట్టి, ఆ జిడ్డుకి దుమ్ము పట్టి, అవి ఇనుమో బొగ్గో తెలిసేది కాదు. నా రాళ్లు అలా కాదు. శుక్రవారం శుక్రవారం చింతపండూ సముద్రపు ఇసకా వేసి తోమి, కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టేదాన్ని. ఉప్పుగాలికి మళ్లీ శుక్రవారం వచ్చేసరికి వాటి మీద ఎర్రటి తుప్పు లేచేది. వదిలేదాన్నా! మళ్లీ తోమేదాన్ని. ఆ ఎర్రనీళ్లు కాలవలోకి పోతుంటే నా ఒళ్లు తేలికపడేది.

అయినా జనం నా గుమ్మం దాటుకుని ఆ పిల్లి దగ్గరికే వెళ్లేవారు. అడవిలో చెట్లు కొట్టే కూలీల క్యాంపులో పనిచేసే రాంచీ ఆవిడని ఒకరోజు ఆపి మొహమ్మీదే అడిగేశాను.

"నా పప్పులో రాయుందా, పురుగుందా? అక్కడికెందుకు పోతున్నావు?"

"నీ దాల్ సాఫ్‌గానే ఉంటది దీదీ," అందావిడ. "కానీ బడీ దీదీ దగ్గర తీసుకుంటే నెలాఖరుదాకా వస్తది. నీ దగ్గర తీసుకుంటే ముందే ఖతమ్."

విన్నారా! మా అక్క నవ్వితే పప్పు కూడా పెరుగుతుందన్నమాట. మందు పెట్టింది వీళ్లకి అనుకున్నాను.

ఏటా వానలు మొదలయ్యే ముందు క్యాంపు మేస్త్రీ కూలీలందరికీ సరుకు ఒకే దుకాణంలో ఎత్తేవాడు. ఆ సరుకు దొరికితే వానాకాలమంతా కాలు మీద కాలేసుకుని కూచోవచ్చు. అది ప్రతి ఏడూ అక్కకే వెళ్లేది. వానల్లో పడవలు రాక, కొనేవాళ్లు లేక నా పప్పులు పురుగుపట్టేవి. అలాంటి వానాకాలం ఇంకొక్కటి గడిస్తే నా దుకాణం మూతే. అందుకే ఆ ఏడు సిగ్గు విడిచి మేస్త్రీని అడిగాను.

అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. "తూకం కమ్ వచ్చిందని కూలీలు నాతో రోజూ లడాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి తూనికల సాబ్ వస్తున్నాడు దీదీ. రాళ్లు పరీక్ష చేసి సర్కారీ ముద్ర కొడతాడు. ఎవరి రాళ్లకి ముద్ర పడితే సరుకు వాళ్ల దగ్గరే."

నా ప్రాణం లేచొచ్చింది. సర్కారువాడు ఆ బొగ్గుముద్దల్ని చూసి ముక్కు మూసుకోడూ! శుక్రవారం కాకపోయినా ఆరోజే కూచుని రాళ్లన్నీ ఇంకోసారి తోమాను.

తూనికల ఇన్‌స్పెక్టరు పడవ దిగి, తన ఇత్తడి తక్కెడ, సర్కారు రాళ్ల పెట్టె బడి వరండాలో పెట్టించుకుని కూచున్నాడు. దుకాణాలవాళ్లంతా రాళ్లు మోసుకుని వరసలో నిలబడ్డాం. మేస్త్రీ, క్యాంపు కూలీలు చుట్టూ చేరారు. నేను ముందు వెళ్లి అతనికి టీ ఇచ్చి, చెవిలో వేశాను: "మా అక్క రాళ్లు మరీ మురికి సాబ్. కొంచెం గట్టిగా చూడండి." చెప్పానండీ, ఎందుకు చెప్పకూడదు? అబద్ధం కాదు కదా.

అక్క వంతు ముందొచ్చింది. ఆవిడ కిలో రాయిని ఇన్‌స్పెక్టరు రెండు వేళ్లతో ఎత్తి, గుడ్డతో తుడిచాడు. గుడ్డ నల్లబడింది. నేను మేస్త్రీ వైపు చూశాను. ఒక పళ్లెంలో సర్కారు రాయి, రెండో పళ్లెంలో అక్క రాయి. తక్కెడ ముల్లు కాసేపు ఊగి సరిగ్గా మధ్యలో నిలబడింది. రాయి తిప్పి, అడుగున ఉన్న సీసం బిళ్ల మీద సుత్తితో టక్కున ముద్ర కొట్టాడు. తర్వాతి రాయికీ టక్. దాని తర్వాతిదానికీ టక్. ఆ దెబ్బలు నా నెత్తి మీదే పడుతున్నట్టుంది.

నా రాళ్లు చూడగానే ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది. "వాహ్! ఎంత సాఫ్‌గా పెట్టుకున్నారు!" అన్నాడు అందరికీ వినిపించేలా. పుట్టి బుద్ధెరిగాక నా తోముడికి దొరికిన మొదటి మెప్పు అది. నా కిలో రాయిని పళ్లెంలో పెట్టాడు.

పళ్లెం పైకి లేచింది.

మళ్లీ పెట్టి చూశాడు. మళ్లీ లేచింది. పట్టుకారుతో చిన్న చిన్న ఇత్తడి బిళ్లలు నా రాయి పక్కన ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. ఎన్నో వేస్తే గానీ ముల్లు మధ్యకి రాలేదు. అరకిలోదీ అదే వరస, పావుకిలోదీ అదే వరస.

"కమ్ హై," అన్నాడు. "వీటిని దేంతో తోముతారు?"

"చింతపండూ ఇసకా," అన్నాను.

"సముద్రపు గాలికి ఇనుము తుప్పవుతుంది బెహన్‌జీ. మీరు వారం వారం ఆ తుప్పు గీకి పారేశారు. పోయింది రాయే కదా? ఆవిడ రాళ్లని నూనె జిడ్డు కాపాడింది."

"తోమడానికి నాకు తీరికెక్కడిది బాబూ," అంది అక్క, పాపం నిజాయితీగా.

ఒళ్లు భగ్గుమంది. చెయ్యి పుళ్లు పడేలా తోమినదాన్ని నేను, ముద్ర ఆవిడ బద్ధకానికా? ఇదెక్కడి న్యాయం? రాంచీ ఆవిడ నోటి మీద కొంగు పెట్టుకుని నవ్వుతోంది. ఇన్‌స్పెక్టరు నా రాళ్లు సంచిలో కట్టించాడు. పోర్ట్ బ్లెయిర్‌లో సీసం నింపించి మళ్లీ పడవకి పంపిస్తాననీ, అంతవరకు తూచకూడదనీ చెప్పాడు. మేస్త్రీ నా వైపు చూడకుండా అక్కతో మాటల్లో పడ్డాడు.

నేను దుకాణం తలుపులు దగ్గరగా వేసుకుని కూచున్నాను. మధ్యాహ్నం అక్క రోడ్డు దాటి వచ్చింది, చంకలో బరువైన గుడ్డసంచితో.

"ఏటే, అలగ మొకం మాడ్సుకుని కూకున్నావు? మేస్త్రీకి సెప్పేసినాను. సక్కెరా నూనే నా కాడ ఎత్తుతాడు. బియ్యం, పప్పూ నీ కాడ. ఇయిగో నా రాళ్లు. రేపు నీ తూకం అయినాక ఇచ్చెయ్."

ఆ సంచి తీసి సముద్రంలోకి విసిరెయ్యాలనిపించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, మోసం చేస్తే నలుగురిలో పెట్టొచ్చు. ఇలా చేసేదాన్నేం చేస్తాం? వద్దు పొమ్మందామని నోరు తెరిచాను. రాబోయే వానాకాలం కళ్లముందు తిరిగింది. తీసుకున్నాను.

మర్నాడు బస్తాలు విప్పి తూస్తుంటే ఒక కూలీ అడిగాడు, రాళ్లెవరివని.

"బడీ దీదీవి," అన్నాడు మేస్త్రీ.

"అయితే ఠీక్ హై."

నా బియ్యం, నా పప్పు, నా తక్కెడ, నా రెక్కల కష్టం. ఠీక్ మాత్రం ఆవిడ రాళ్లు! ఆ పూటంతా తూచాను. నా అరచేతులు మసిగుడ్డల్లా అయ్యాయి.

ఎరువు తెచ్చుకున్న గిన్నెని తోమకుండా తిరిగిచ్చిన రోజు నా జన్మలో లేదు. చింతపండు నానబెట్టి, ఆ రాళ్లు ముందు పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. చేతులు దురద పెట్టేశాయి. చివరికి ఉత్తచేతులతో ఇవ్వకూడదని సంచిలో ఓ బెల్లం ముక్క వేసి, అలాగే పట్టుకెళ్లాను.

దుకాణం నిండా జనం. అక్క నా మొహం చూడలేదు, నా సంచి చూసింది.

"ఒసే, తోమలేదు కదా?"

కొట్టంతా గొల్లుమంది.

"తోమలేదు," అన్నాను.

ఒక్కో రాయీ తిప్పి ముద్ర చూసుకుని నూనె డబ్బా పక్కన పెట్టేసింది. తర్వాత నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "సిన్నప్పుడూ ఇంతే, నీ సేతులెప్పుడూ బూడిదే," అంటూ కొంగుతో ఆ నలుపు తుడవబోయింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాను. చూసి, చేతులు లాక్కున్నాను.

ఇంటికొచ్చి, నానబెట్టిన ఆ చింతపండుతోనే చేతులు మండేదాకా తోముకున్నాను.